నాగసాకిలో నిలబడినవాళ్లు, తలవంచినవాళ్లు



1870 తొలి నెలల్లో జపాన్‌లోని త్సువానో అనే కొండ ఊరికి 125 మందిని ఖైదీలుగా తీసుకొచ్చారు. వాళ్లలో ఆడవాళ్లు, ముసలివాళ్లు, పాలు మరవని పసివాళ్లు ఉన్నారు. వాళ్లు ఎవరి సొమ్మూ దొంగిలించలేదు, ఎవరినీ కొట్టలేదు. వాళ్ల ఇళ్ల మగవాళ్లు 28 మంది అప్పటికి ఏడాదిన్నరగా అదే ఊళ్లో, పాడుబడ్డ ఒక బౌద్ధాలయంలో బందీలుగా ఉన్నారు. ఆ 28 మందీ క్రైస్తవులు. అధికారులు వాళ్లకు మొదట నచ్చజెప్పారు. తర్వాత తిండి తగ్గించారు. ఆ తర్వాత చలికాలంలో మంచు కట్టిన కొలనులోకి నెట్టారు. కొందరు లొంగారు, కొందరు లొంగలేదు. లొంగనివాళ్లను ఏం చేయాలా అని ఆలోచించిన అధికారులకు తట్టిన ఉపాయం ఇది: వాళ్ల భార్యలను, పిల్లలను, తమ్ముళ్లను రప్పించి వాళ్ల కళ్లముందే ఆకలికి మాడ్చడం.

మనిషి తన ప్రాణం మీదికి వస్తే ఒక రకంగా ఆలోచిస్తాడు. కన్నబిడ్డ మెడ మీద కత్తి పెడితే మరో రకంగా ఆలోచిస్తాడు. "నన్ను చంపుకోండి" అనడానికి ధైర్యం చాలు. "నా బిడ్డను చంపుకోండి" అని ఏ తల్లి అనగలదు? క్రైస్తవ విశ్వాసం రెండు వేల ఏళ్లలో ఎన్నో దేశాల్లో ఈ ప్రశ్నను ఎదుర్కొంది. కానీ జపాన్‌లో, ముఖ్యంగా నాగసాకి చుట్టుపక్కల పల్లెల్లో ఎదుర్కొన్నంత సుదీర్ఘంగా మరెక్కడైనా ఎదుర్కొన్నదా అంటే సందేహమే. అక్కడ అది ఏదో ఒక రోజున వచ్చిపోయిన కష్టం కాదు. రెండున్నర శతాబ్దాల పాటు తాతల నుంచి మనవలకు దిగుతూ వచ్చిన కష్టం.

ఆ దేశానికి సువార్తను మొదట తీసుకెళ్లినవాడు ఫ్రాన్సిస్ జేవియర్. మన కథోలిక కుటుంబాల్లో శౌరి, శౌరయ్య, శౌరమ్మ అని పేర్లు పెట్టుకునేది ఆయన పేరిటే. గోవాలో, తమిళ తీరంలో పనిచేసిన ఆ పునీతుడు 1549 ఆగస్టు 15న జపాన్ దక్షిణ కొసన ఉన్న కగోషిమాలో దిగాడు. అరవై డెబ్బై ఏళ్లు తిరిగేసరికి అక్కడ క్రైస్తవుల సంఖ్య మూడు లక్షల దాకా చేరిందని చరిత్రకారుల అంచనా. రైతులు, చేపలు పట్టేవాళ్లు, సామురాయ్ వీరులు, కొందరు సామంత ప్రభువులు కూడా జ్ఞానస్నానం పొందారు. ఈ ఎదుగుదలే పాలకులను భయపెట్టింది. విదేశీ గురువుల వెనుక విదేశీ సైన్యం వస్తుందేమోనన్న అనుమానం బలపడింది. దేశాన్ని ఏకం చేసిన హిదెయొషి 1587లో గురువుల బహిష్కారానికి ఆజ్ఞ ఇచ్చాడు. పదేళ్ల తర్వాత, 1597 ఫిబ్రవరి 5న, నాగసాకిలోని నిషిజాక గుట్ట మీద 26 మందిని శిలువలకు కట్టి ఈటెలతో పొడిపించాడు.

ఆ ఇరవై ఆరుగురిలో మన దేశంలో పుట్టినవాడు ఒకడున్నాడు. ముంబై దగ్గరి వసయీలో పుట్టిన గొన్సాలో గార్సియా. వ్యాపారం కోసం జపాన్ వెళ్లి, తర్వాత ఫ్రాన్సిస్కన్ సభలో చేరినవాడు. 1862లో పోపు తొమ్మిదవ పయస్ ఆ 26 మందినీ పునీతులుగా ప్రకటించినప్పుడు, భారతదేశంలో పుట్టి ఆ గౌరవం పొందిన మొదటి వ్యక్తి అతడే అయ్యాడు.

కానీ ఇవాళ చెప్పుకోవలసింది ఆ గుంపులోని పిల్లల గురించి. లూయీ ఇబరకి వయసు 12. ఆ శిక్ష అమలు జరిపే అధికారికి ఆ పసివాణ్ని చూసి మనసు కరిగింది. మతం వదిలేస్తే తన ఇంట్లో పెట్టుకుని పెంచుతానన్నాడు. లూయీ ఒప్పుకోలేదు. పదమూడేళ్ల ఆంతోనికి ఎదురైన పరీక్ష అంతకంటే గట్టిది. అతని ఊరు నాగసాకే. తల్లిదండ్రులు గుట్ట దగ్గరికి వచ్చి ఏడ్చారు, బతిమాలారు. చనిపోబోతున్న పిల్లవాడే వాళ్లను ఓదార్చాడు. ఇక పద్నాలుగేళ్ల తొమాసు కొజకి. అతని తండ్రి మికేలు కూడా అదే వరుసలో ఉన్నాడు. క్యోటో ప్రాంతం నుంచి నాగసాకి దాకా నెల రోజుల పాటు చలిలో నడిపించుకొస్తుంటే, దారిలో తొమాసు తల్లికి ఒక ఉత్తరం రాశాడు. తన గురించి, తండ్రి గురించి దిగులు పడవద్దని, ఇద్దరు చిన్న తమ్ముళ్లను మాత్రం జాగ్రత్తగా చూసుకోమని అందులో కోరాడు. ఆ ఉత్తరం తల్లికి అప్పుడు చేరలేదు. తండ్రి శవాన్ని దించినప్పుడు అతని బట్టల్లో, నెత్తురు మరకలతో దొరికింది.

వేదసాక్షులంటే కన్నవాళ్ల మీద మమకారం లేని రాతిగుండె మనుషులని కొందరు అనుకుంటారు. వాళ్లు ఆ ఉత్తరం గురించి ఒక్కసారి ఆలోచించాలి. చావుకు నడుస్తూ తమ్ముళ్ల బాగు అడిగిన పిల్లవాడిది రాతిగుండె ఎలా అవుతుంది?

తర్వాత వచ్చిన తొకుగవ పాలకులు 1614లో దేశమంతటా క్రైస్తవాన్ని నిషేధించారు. 1619 అక్టోబరు 6న క్యోటోలో కమొ నది ఒడ్డున 52 మందిని సజీవంగా దహనం చేశారు. అందులో హషిమొతొ కుటుంబం ఉంది. భర్త జాన్, నిండు చూలాలైన భార్య తెక్లా, ఐదుగురు పిల్లలు. పెద్దమ్మాయి కాతరీనాకు 13 ఏళ్లు, చిట్టచివరి పిల్ల లూయీసాకు మూడేళ్లు. పొగలో కళ్లు కనబడటం లేదని కూతురు కేక వేస్తే, యేసు పేరు, మరియమాత పేరు తలుచుకొమ్మని తల్లి చెప్పిందని చూసినవాళ్లు రాసిపెట్టారు. మూడేళ్ల పిల్లను ఆమె చివరిదాకా చేతుల్లోంచి వదల్లేదు.

1627లో షిమబారలో పౌలు ఉచిబోరికి ఎదురైన సంగతి ఇంకా భయంకరం. షిమబార ప్రభువు మనుషులు అతని కళ్లముందే అతని ముగ్గురు కొడుకుల చేతివేళ్లు నరికారు. చిన్నవాడికి ఐదేళ్లు. తర్వాత పిల్లలను సముద్రంలో ముంచి చంపారు. తండ్రి లొంగలేదు. వారం తిరిగేసరికి ఉంజెన్ కొండ మీద మరిగే వేడినీటి గుంటల్లో అతన్నీ చంపారు. తెక్లా కుటుంబం, ఉచిబోరి కుటుంబం రెండూ 2008 నవంబరులో నాగసాకిలో ధన్యులుగా ప్రకటించిన 188 మంది జపాన్ వేదసాక్షుల జాబితాలో ఉన్నాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఉచిబోరి చేసింది సరైనదేనా అని వినేవాళ్లకు అనిపించక మానదు. పిల్లల వేళ్లు తెగుతుంటే ఒక్క మాట అనేస్తే పోయేది కదా అని గొంతు దాకా వస్తుంది. అలా అనిపించడం తప్పు కాదు. అనిపించకపోతేనే భయపడాలి. క్రీ.శ. 203లో కార్తేజి నగరంలో పెర్పెతువా అనే యువతి కూడా ఇలాంటి నిప్పుల మీదే నడిచింది. తల నెరిసిన తండ్రి ఆమె చంటిబిడ్డను ఎత్తుకొచ్చి, ఈ పసివాడి ముఖమైనా చూడమని వేడుకున్నాడు. తండ్రి పడ్డ అవమానానికి తనకు ఎంత బాధ కలిగిందో ఆమె జైలులో తన చేత్తో రాసుకుంది. క్రీస్తు తనకు తల్లికంటే, తండ్రికంటే, బిడ్డకంటే ముందుండాలని అడిగాడని సువార్త చెబుతుంది. పెర్పెతువా ఆ మాటను నిజంగా నమ్మింది. నమ్మినందుకు ఆమె బాధ తగ్గలేదు.

అయితే జపాన్ అధికారులు తెలివైనవాళ్లు. చంపితే లాభం లేదని వాళ్లకు అర్థమైంది. 1622లో నిషిజాక మీదే 55 మందిని చంపినప్పుడు వేలాదిమంది చూడటానికి వచ్చారు. చాలామంది భయపడి వెళ్లాల్సింది పోయి ప్రార్థిస్తూ వెళ్లారు. చంపిన ప్రతి మనిషీ మరో పదిమందికి ఆదర్శం అవుతున్నాడు. అందుకని చంపడం కంటే లొంగదీయడం మీద దృష్టి పెట్టారు. మనిషిని కాళ్లు పైకి కట్టి, చెత్త నిండిన గోతిలోకి తలకిందులుగా వేలాడదీసేవాళ్లు. తలలోకి దిగిన నెత్తురు ఒక్కసారిగా ప్రాణం తీయకుండా చెవి వెనక చిన్న గాటు పెట్టేవాళ్లు. ఒక చేయి మాత్రం కట్టకుండా వదిలేవాళ్లు, లొంగిపోతున్నానని సైగ చేయడానికి.

1633 అక్టోబరులో ఆ గోతిలో ఒకే సమయంలో వేలాడినవాళ్లలో ఇద్దరి కథ తెలుసుకోవాలి. ఒకరు నకౌర జూలియన్. బాల్యంలో జపాన్ నుంచి ఐరోపాకు వెళ్లిన నలుగురు కుర్రాళ్ల రాయబార బృందంలో ఒకడు. 1585లో రోములో పోపును చూసినవాడు. తిరిగివచ్చి గురువై, నిషేధ కాలమంతా పల్లెల్లో దాక్కుంటూ సేవ చేసినవాడు. నాలుగో రోజున గోతిలోనే ప్రాణం విడిచాడు. రెండోవాడు క్రిస్తోవావ్ ఫెరేరా. పోర్చుగీసు దేశస్థుడు, యేసు సభ గురువు, అప్పటికి జపాన్‌లో ఆ సభకు పెద్ద. ఐదు గంటల తర్వాత చేయి ఆడించాడు. తర్వాత సవనొ చూవాన్ అనే జపాన్ పేరుతో, అధికారులు కట్టబెట్టిన భార్యతో నాగసాకిలో బతికాడు. క్రైస్తవుల విచారణల్లో దుబాసీగా పనిచేశాడు. 1650లో చనిపోయాడు.

ఈ ఫెరేరా పతనం ఐరోపాను కుదిపేసింది. అతన్ని వెతుక్కుంటూ, అతని పాపానికి ప్రాయశ్చిత్తంగా తామైనా నిలబడాలని వచ్చిన గురువులు కూడా పట్టుబడ్డారు. 1643లో వచ్చిన జుసెప్పె కియారా హింస తట్టుకోలేక లొంగిపోయి, ఎడో నగరంలోని క్రైస్తవ ఖైదు ఇంట్లో 1685 దాకా జీవించాడు. షుసాకు ఎండో 1966లో ప్రచురించిన 'మౌనం' అనే నవలకు ఆధారం ఇతని జీవితమే. 2016లో మార్టిన్ స్కోర్సేసీ దాన్ని సినిమాగా తీశాడు. నవలలో ఎండో ఒక గొప్ప మార్పు చేశాడు. చరిత్రలో ఫెరేరా తానే గోతిలో వేలాడాడు. నవలలోని యువ గురువు మాత్రం గోతి బయట ఉంటాడు. లోపల పేద రైతులు మూలుగుతుంటారు. ఆ రైతులు అప్పటికే మతం వదిలేశామని చెప్పేశారు, అయినా విడిచిపెట్టరు. గురువు క్రీస్తు బొమ్మ మీద కాలు పెడితేనే వాళ్లను పైకి లాగుతారు. నాగసాకి కథోలికుల్లో చాలామందికి మొదట ఆ పుస్తకం నచ్చలేదు. తమ పూర్వికులు నెత్తురు ధారపోసి నిలబెట్టిన దానిని, లొంగిపోయినవాడి కథ చెప్పి చిన్నబుచ్చాడని బాధపడ్డారు. వాళ్ల బాధలో న్యాయం ఉంది. కానీ ఎండో అడిగినది కూడా అడగవలసిన ప్రశ్నే. ఆయన కథోలికుడు. లొంగిపోయినవాళ్ల గురించి చరిత్ర ఏమీ చెప్పకుండా వదిలేసిందన్నది ఆయన ఆవేదన.

నిజానికి ఆ లొంగిపోయినవాళ్లే లెక్కకు ఎక్కువ. వాళ్లను లొంగదీసిన యంత్రాంగం ఎలా పనిచేసిందో చూస్తే ఎందుకు ఎక్కువో తెలుస్తుంది. ఐదేసి ఇళ్లను ఒక కట్టుగా కట్టారు. ఒక ఇంట్లో క్రైస్తవుడు బయటపడితే ఐదు ఇళ్లకూ శిక్ష. అంటే నీ విశ్వాసం వల్ల పక్కింటి పిల్లలు చావాలి. ప్రతి కుటుంబం ఏదో ఒక బౌద్ధాలయంలో నమోదై, తాము క్రైస్తవులం కాదని పూజారి దగ్గర పత్రం తెచ్చుకోవాలి. ఊరి కూడళ్లలో పలకలు పాతి బహుమతులు ప్రకటించారు. 1682 నాటి పలక ప్రకారం గురువును పట్టిస్తే 500 వెండి నాణేలు. ఒకసారి లొంగి మళ్లీ విశ్వాసంలోకి వెళ్లినవాణ్ని పట్టిస్తే 300. లొంగిపోయినవాడి పిల్లలను, మనవలను కూడా తరాల తరబడి వేరే పుస్తకంలో రాసి, పెళ్లికీ చావుకీ నిఘా పెట్టారు.

వీటన్నిటికీ తోడు ఫుమియె. క్రీస్తు బొమ్మో, మరియమాత బొమ్మో చెక్కిన పలక అది. నాగసాకిలో 1620ల చివర్లో మొదలై, ప్రతి కొత్త ఏడాదికీ ఇంటింటికీ తిరిగింది. ఇంట్లో ప్రతి ఒక్కరూ దాని మీద కాలు పెట్టాలి. మంచం పట్టినవాళ్లుంటే పలకనే తెచ్చి అరికాలికి ఆనించేవాళ్లు. చంటిబిడ్డలను తల్లులు ఎత్తుకుని, వాళ్ల చిన్న పాదాలను ఆ పలకకు తాకించాలి. క్రైస్తవుల విచారణకు పెద్దగా ఉన్న ఇనొయె మసషిగె అనుభవాలతో కూర్చిన ఒక ఆధికారిక గ్రంథంలో, ఆడవాళ్లను, ముసలమ్మలను జాగ్రత్తగా గమనించమని ఒక సూచన ఉంది. వాళ్లు కాలు పెడతారు, కానీ ముఖం ఎర్రబడుతుంది, ఊపిరి బరువెక్కుతుంది, చెమట పడుతుంది, వాటిని బట్టి పట్టుకోవాలని. ఆ అధికారి రాయించిన నాలుగు ముక్కలు చాలు, కాలు పెట్టినవాళ్ల గుండెల్లో ఏముందో చెప్పడానికి. వేదసాక్షుల జీవిత చరిత్రలు ఎంత చెబుతాయో, హింసించినవాళ్ల సొంత కాగితం కూడా అంతే చెప్పింది.

అలా కాలు పెట్టి ఇంటికొచ్చినవాళ్లు ఏం చేసేవాళ్లు? తలుపులు మూసి, పశ్చాత్తాప ప్రార్థన చెప్పుకునేవాళ్లు. 1603లో, నిషేధానికి ముందు, జపాన్ భాషలో ఒక చిన్న ప్రార్థన పుస్తకం వచ్చింది. పాపసంకీర్తనం వినడానికి గురువు దొరకని చోట, నిజమైన మనస్తాపంతో దేవుణ్ని క్షమాపణ అడిగితే చాలని అది నేర్పింది. నాగసాకి పడమటి తీరంలోని సొతొమె పల్లెల్లో ఆ పుస్తకాన్ని చేతిరాతతో నకళ్లు తీసుకుంటూ రెండున్నర శతాబ్దాలు కాపాడుకున్నారు. ఏడాదికోసారి ఫుమియె మీద కాలు, ఆ రాత్రి కన్నీటితో ఈ ప్రార్థన.

వాళ్లకు గురువులు లేరు, దివ్యబలిపూజ లేదు. మిగిలింది జ్ఞానస్నానం, జపాలు, పండుగల లెక్క. ఊళ్లో ఒకరు పండుగల పంచాంగం చూసేవారు, ఒకరు పసిబిడ్డలకు జ్ఞానస్నానం ఇచ్చేవారు, ఒకరు ఇంటింటికీ కబురు మోసేవారు. బిడ్డను ఎత్తుకున్న బౌద్ధ కరుణామూర్తి కన్నొన్ బొమ్మను ఇంట్లో పెట్టుకుని, ఆమెలో మరియమాతను చూసుకునేవారు. బస్తియాన్ అనే ఉపదేశి చనిపోయే ముందు, ఏడు తరాల తర్వాత పాపసంకీర్తనం వినే గురువులు పెద్ద ఓడల్లో వస్తారని చెప్పాడని వాళ్ల నోటి కథ. తాత మనవడికి, మనవడు తన మనవడికి చెప్పుకుంటూ ఆ మాట కోసం ఎదురుచూశారు.

లొంగినవాడికి సంఘంలో చోటుందా అన్న వివాదం జపాన్‌లో కొత్తగా పుట్టలేదు. క్రీ.శ. 250లో రోము చక్రవర్తి దెసియుస్, ప్రతివాడూ దేవతలకు బలి అర్పించి పత్రం తీసుకోవాలని ఆజ్ఞ ఇచ్చినప్పుడు క్రైస్తవులు చాలామంది బలి ఇచ్చారు, కొందరు లంచం ఇచ్చి పత్రం కొనుక్కున్నారు. కష్టం తీరాక వాళ్లు తిరిగి వచ్చి తలుపు తట్టారు. రానివ్వవద్దని ఒక వర్గం పట్టుబట్టింది. కార్తేజి బిషప్ సిప్రియన్, 251లో జరిగిన సభ, తగిన ప్రాయశ్చిత్తం తర్వాత వాళ్లను చేర్చుకోవాలనే నిర్ణయించారు. కొనుక్కున్న పత్రానికీ, అర్పించిన బలికీ తేడా చూశారు. ఎవరు ఏ పరిస్థితిలో లొంగారో విడివిడిగా విచారించారు. అది సరైన నిర్ణయం. కోడి కూయకముందే మూడుసార్లు గురువును ఎరగనన్న పేతురునే ప్రభువు మందకు కాపరిగా పెట్టాడని నమ్మే సంఘం మరో నిర్ణయం ఎలా తీసుకోగలదు?

1865 మార్చి 17. నాగసాకిలో విదేశీయుల కోసం కట్టిన ఒఉర ఆలయం. ఫ్రెంచి గురువు బెర్నార్ పెతిజాన్ తలుపు దగ్గర పది పదిహేను మంది పల్లెవాళ్లు నిలబడి ఉండటం చూసి లోపలికి పిలిచాడు. ఆయన మోకరించి ఉండగా ఒక స్త్రీ దగ్గరికొచ్చి, తమ హృదయమూ ఆయన హృదయమూ ఒకటేనని మెల్లగా చెప్పింది. మరియమాత బొమ్మ ఎక్కడుందని అడిగింది. వాళ్లు నాగసాకి పక్కనున్న ఉరకామి లోయ వాళ్లు. నాలుగైదు రోజుల్లో కబురు పాకింది. దీవుల నుంచి, కొండల నుంచి వేలాది మంది బయటికి వచ్చారు. ఆ వచ్చినవాళ్లంతా ఎవరు? తరతరాలుగా ఫుమియె తొక్కినవాళ్ల పిల్లలే.

బయటపడ్డ ఆనందం రెండున్నరేళ్లు కూడా నిలవలేదు. 1867 వేసవిలో ఉరకామి మీద దాడి జరిగింది. పట్టుబడ్డవాళ్లను హింసిస్తే ఒకరి తర్వాత ఒకరు లొంగారు. తకగి సెనెమోన్ అనే రైతు ఒక్కడే లొంగలేదు. ఆ తర్వాత జరిగింది వినండి. లొంగి ఇంటికి తిరిగి వచ్చినవాళ్లకు ఇల్లు ఇల్లులా అనిపించలేదు. ఇంట్లోవాళ్లు కళ్లెత్తి చూడలేదు, ముద్ద దిగలేదు. సెనెమోన్ ఇంకా నిలబడే ఉన్నాడని విన్నారు. కొందరు ఊరి పెద్ద దగ్గరికి వెళ్లి, తాము ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నామని, మళ్లీ పట్టుకోమని చెప్పారు. ఎవరి కోసం లొంగారో ఆ ఇంటివాళ్లే వాళ్లను మళ్లీ లేపి నిలబెట్టారు. ప్రియమైనవాళ్లు మనిషిని కిందికి లాగే బరువు మాత్రమే అనుకున్న అధికారులకు ఈ సంగతి ఎన్నడూ అంతుపట్టలేదు.

చివరికి 1868లో మొదలుపెట్టి, 1870లో ఊరు ఊరంతటినీ, దాదాపు 3,400 మందిని, ఇరవై ప్రాంతాలకు ప్రవాసం పంపారు. సెనెమోన్, అతని స్నేహితుడు మొరియమ జిన్‌జబురో త్సువానోలో పడ్డారు. మంచు కొలనులో మునిగినవాళ్లలో వాళ్లిద్దరూ ఉన్నారు. నిలబడటానికి, పడుకోవడానికి వీలులేని మూడడుగుల పెట్టెలాంటి బోనులో యసుతారో అనే మరో బందీ కన్నుమూశాడు. తర్వాత కుటుంబాలు వచ్చాయి. ఆకలితో ఉన్న చిన్నపిల్లలకు మిఠాయి చూపించి, క్రీస్తు వద్దని ఒక్క మాట అనమనేవాళ్లు.

జిన్‌జబురో తమ్ముడు యుజిరోకు 14 ఏళ్లు. ఆ పిల్లవాణ్ని బట్టలు విప్పి శిలువలాంటి కొయ్యకు కట్టి రోజుల తరబడి కొట్టారు. ఆ కేకలు అన్నకు వినబడాలన్నదే ఉద్దేశం. ప్రాణం పోయే స్థితిలో అక్క మత్సు ఒళ్లోకి చేర్చినప్పుడు యుజిరో ఒక మాట చెప్పాడట. దెబ్బలు తట్టుకోలేకపోతున్న రోజున ఎదురు కప్పు మీద ఒక పిచ్చుక తన పిల్ల నోటికి గింజ అందించడం చూశానని, యేసు తనను అంతకంటే ప్రేమగా చూస్తున్నాడని ధైర్యం వచ్చిందని. 1871 నవంబరులో చనిపోయాడు. ఈ సంగతి మనకు తెలియడానికి కారణం, బతికి బయటపడ్డ అన్న జిన్‌జబురో తర్వాత రాసిపెట్టిన జ్ఞాపకాలే. అన్న లొంగలేదు. తమ్ముణ్ని మరిచిపోనూ లేదు. ఆ త్సువానో కొండ కనుమలో ఇప్పుడు మరియమాత గుడి ఉంది. ఏటా మే 3న అక్కడికి యాత్ర సాగుతుంది.

అమెరికాకు, ఐరోపాకు వెళ్లిన జపాన్ రాయబారులను ప్రతిచోటా ఈ హింస గురించే నిలదీశారు. 1873 ఫిబ్రవరిలో నిషేధం పలకలు పీకేశారు. ప్రవాసంలో ఆరు వందల మందికి పైగా చనిపోయారు. వెయ్యి మంది దాకా లొంగిపోయారు. మిగిలినవాళ్లు కొల్లబోయిన ఊరికి తిరిగి వచ్చారు. లొంగినవాళ్లలో చాలామంది కూడా మళ్లీ సంఘంలో చేరారు. అందరూ కలిసి కొన్నేళ్లకు ఒక స్థలం కొన్నారు. అది పాత గ్రామపెద్ద ఇల్లు. తమ తాతముత్తాతలు ఏటేటా ఫుమియె తొక్కిన చోటు. అక్కడే ఇటుక మీద ఇటుక పేర్చి ఉరకామి దేవాలయం కట్టుకున్నారు. ముప్పై ఏళ్లు పట్టింది. 1945 ఆగస్టు 9న అణుబాంబు ఆ దేవాలయానికి అర కిలోమీటరు దూరంలో పేలింది. ఆ గుడికి చెందిన 12,000 మందిలో 8,500 మంది దాకా చనిపోయారు. ఆ గుడిని మళ్లీ కట్టారు. ఇవాళ కూడా అక్కడ పూజ జరుగుతోంది.

యుజిరో, తెక్లా, ఉచిబోరి చూపిన స్థైర్యాన్ని పొగడటం న్యాయం. వాళ్లు లేకపోతే తరువాతివాళ్లకు దేనిని పట్టుకోవాలో తెలిసేది కాదు. కానీ వాళ్లను పొగిడి, బిడ్డ పాదాన్ని పలకకు తాకించిన తల్లిని పిరికిదని అనడం మాత్రం అన్యాయం. ఆ తల్లి ఇంటికొచ్చి అదే బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించింది, జపం నేర్పింది. 1865లో పెతిజాన్ ముందు నిలబడ్డ స్త్రీకి ఆ విశ్వాసం అలాంటి తల్లుల నుంచే అందింది. విశ్వాసం ఒక్క రోజున తూచి తేల్చే వస్తువు కాదని నాగసాకి చరిత్ర మొత్తం చెబుతోంది. ఇక పాపం ఎవరిదంటే, పసివాడి వేళ్లు నరికినవాడిది, ఆకలిగా ఉన్న పిల్లకు మిఠాయి చూపించినవాడిది. తప్పు లెక్క రాసేటప్పుడు ఆ పేజీలో మొదటి పేరు వాడిదే ఉండాలి.

ఇవాళ్టికీ కొన్ని దేశాల్లో, కొన్ని ఊళ్లలో, ఇంటివాళ్లకు హాని చేస్తామని బెదిరించి మనుషులను దేవుడి నుంచి విడదీయాలని చూసేవాళ్లున్నారు. అలాంటి ఇంటివాళ్లు మీ సంఘంలో ఉంటే వాళ్లను ఒంటరిగా వదలకండి. బెదిరింపు వచ్చిన రాత్రి వాళ్ల ఇంట్లో కూర్చోండి, పిల్లలకు మీ ఇంట్లో చోటివ్వండి, చట్టం సాయం అవసరమైతే తోడు వెళ్లండి. వాళ్లు నిలబడితే దేవుణ్ని స్తుతించండి. తలవంచి, రేపు మళ్లీ గుడి గుమ్మం దగ్గరికి వస్తే ఎందుకు తలవంచావని అడగకండి. లోపలికి పిలవండి.